అమ్మేవాడు ఎరిగి ఉండాలి: ఆయుధ వర్తకుని బాధ్యతపై ఒక చారిత్రక పరిశీలన

మనుషులు అమ్మే, కొనే వస్తువులలో ఆయుధానికి ఒక విలక్షణత ఉన్నది. వడ్లు కొన్నవాడు వాటిని వండుకుంటాడా, విత్తుకుంటాడా అని అమ్మినవాడు విచారించనక్కరలేదు. బట్ట అమ్మినవాడు అది ఎవరి ఒంటి మీదికి చేరుతుందోనని కలత చెందనవసరం లేదు. కాని కత్తిని, తుపాకీని అమ్మినవాని పని డబ్బు ముట్టడంతో ముగిసిపోదు. అతడు అమ్మిన వస్తువు ఒక ఇంటికి కాపలా కావచ్చు. అదే వస్తువు మరొక ఇంటి నుండి శవం లేవడానికి కారణం కావచ్చు. అందుచేత ప్రతి సమాజమూ ఏదో ఒక కాలంలో ఈ ప్రశ్నను ఎదుర్కొనక తప్పలేదు: ఆయుధం ఒక చేతి నుండి మరొక చేతికి పోయేటప్పుడు నడుమ నిలిచి బాధ్యత వహించవలసినవాడు ఎవడు?

ఇస్లామీయ ధర్మశాస్త్రజ్ఞులు తుపాకీ పుట్టుకకు ముందే ఈ ప్రశ్నను విచారించారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు నలుగురు ప్రముఖుల హత్యల తరువాత 1968లో దీనికి చట్టరూపంలో ఒక సమాధానం చెప్పాయి. ఆ చట్టం ప్రకారం ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి తుపాకీ అమ్మకానికి పోవాలన్నా, మరమ్మతుకు పోవాలన్నా లైసెన్సు గల వర్తకుని చేయి నడుమ ఉండి తీరాలి. కాలంలోనూ దేశంలోనూ ఇంత దూరాన ఉన్న ఈ రెండు సమాధానాలు ఒకే మాట చుట్టూ తిరుగుతాయి. ఆ మాట ‘ఎరుక’. అమ్మేవానికి కొనేవాడు ఎవరో తెలుసునా, లేదా అన్నదే అసలు విషయం.

ధర్మశాస్త్రంలో ఈ ప్రశ్న

సహీహ్ బుఖారీలోని క్రయవిక్రయాల గ్రంథంలో ఒక చిన్న అధ్యాయం ఉన్నది. ఫిత్నా కాలంలోనూ, అంటే అంతఃకలహాల సమయంలోనూ, ఇతర సమయాలలోనూ ఆయుధాల అమ్మకాన్ని గురించిన అధ్యాయం అది. ఇమామ్ బుఖారీ (మరణం హిజ్రీ 256, క్రీ.శ. 870) ఆ శీర్షిక వెంటనే, ఫిత్నా కాలంలో ఆయుధం అమ్మడాన్ని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అయిష్టంగా భావించిన సంగతిని పేర్కొన్నారు. దాని వెనుకనే హజ్రత్ అబూ ఖతాదా (రజి) వృత్తాంతాన్ని ఉంచారు. హిజ్రీ 8వ సంవత్సరంలో జరిగిన హునైన్ యుద్ధంలో తనకు దక్కిన కవచాన్ని అబూ ఖతాదా (రజి) అమ్మివేసి, ఆ సొమ్ముతో బనూ సలిమా వారి వాడలో ఒక తోట కొన్నారు. ఇస్లాంలో తాను సంపాదించిన మొదటి ఆస్తి అదేనని ఆయన చెప్పుకున్నారు.

ఈ రెండు ఉల్లేఖనాలు ఒకే శీర్షిక క్రింద చేరడంలో అర్థం లేకపోలేదు. యుద్ధసామగ్రిని అమ్మడం దానంతట అది నిషిద్ధం కాదు; కవచం అమ్మిన సొమ్ము ధర్మసమ్మతమైన తోటగా మారింది. అయితే కాలం మారినా, కొనేవాడు మారినా తీర్పు కూడా మారుతుంది.

ఈ సూత్రాన్ని హనఫీ ధర్మశాస్త్రజ్ఞులు మరింత విశదం చేశారు. హిదాయా గ్రంథకర్త అల్లామా మర్గీనానీ (మరణం హిజ్రీ 593, క్రీ.శ. 1197) తిరుగుబాటుదారులను గురించిన అధ్యాయం చివర ఈ విషయాన్ని చర్చించారు. ఫిత్నా రేపేవారికి, వారి సైనిక శిబిరాలలో ఆయుధం అమ్మడం మక్రూహ్ అనీ, ఎందుకంటే అది పాపానికి తోడ్పడటమేననీ ఆయన తేల్చారు. పాపకార్యాలలో సహకరించుకోరాదన్న మాయిదా సూరా 2వ ఆయత్ ఆదేశానికి ఇది అనువర్తన. ఆ వెంటనే ఆయన కూఫా నగరాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. కూఫాలో కూఫావాసికి, ఫిత్నా రేపేవాడని అమ్మేవానికి తెలియని మనిషికి ఆయుధం అమ్మితే దోషం లేదు. ఎందుకంటే నగరాలలో మంచివారిదే పైచేయి అని ఆయన హేతువు చూపారు. మరొక భేదం కూడా ఆయన చూపారు. అయిష్టత ఆయుధానికే వర్తిస్తుంది గాని, పనితనం జోడిస్తేనే ఆయుధంగా మారే ముడిసరుకుకు వర్తించదు. ఇనుము అమ్మడం వేరు, కత్తి అమ్మడం వేరు.

ఈ తీర్పులోని న్యాయదృష్టి గమనింపదగినది. మొదటిది, బాధ్యత ఎరుకను బట్టి నిర్ణయమవుతుంది. అమ్మేవానికి తెలిస్తే ఒక తీర్పు, తెలియకపోతే మరొక తీర్పు. రెండవది, తెలియని మనిషిని దుర్మార్గుడని అనుమానించే అధికారం వర్తకునికి లేదు. సమాజం మొత్తం మీద మంచిదేనన్న విశ్వాసం మీదనే వ్యాపారం నడవాలి. ఈ రెండవ అంశం వెనుక చెప్పకుండా వదిలిన ఒక షరతు ఉన్నది. కూఫా బజారులో అమ్మేవాడూ కొనేవాడూ ముఖాముఖి నిలబడి ఉంటారు. కొనేవాని వేషం, మాట, తొందర, అతని వెంట వచ్చినవారు, ఇవన్నీ అమ్మేవాని కళ్ళ ముందే ఉంటాయి. ‘తెలియదు’ అన్న మాట అక్కడ నిజాయితీగా చెప్పగలిగిన మాట.

ఆయుధాన్ని మోసుకుపోవడంలోనూ, చేతికి అందించడంలోనూ పాటించవలసిన జాగ్రత్తను దైవప్రవక్త (స) స్వయంగా బోధించారు. బాణాలతో మస్జిదులో గాని, బజారులో గాని నడిచేవాడు ఎవరికీ గాయం కాకుండా వాటి మొనలను చేత పట్టుకోవాలన్న ఆదేశాన్ని హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఉల్లేఖించారు. ఒర లేని కత్తిని ఒకరి చేతి నుండి మరొకరి చేతికి అందించడాన్ని వారించిన హదీసును హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ఆయుధం యజమానిదే అయినా, అది నడిచే దారి అందరిదీ అన్న గ్రహింపు వీటిలో ఉన్నది.

మరమ్మతుకు ఇచ్చిన వస్తువు

అమ్మకంలో యాజమాన్యం మారుతుంది. మరమ్మతులో యాజమాన్యం మారదు, వస్తువు మాత్రమే చేయి మారుతుంది. వంకరపోయిన కత్తిని సానపట్టేవానికి ఇచ్చినవాడు దానిని అమ్మలేదు, దానం చేయలేదు, అప్పగించాడు. అందుచేత ధర్మశాస్త్రం దీనిని విక్రయాల క్రింద కాక ఇజారా, అనగా కూలి ఒప్పందాల క్రింద విచారించింది. పదిమంది పని పట్టే చాకలి, దర్జీ, కమ్మరి, సామాను మోసేవాడు మొదలైన వారిని ‘అజీరె ముష్తరక్’ అన్నారు.

ఇట్టివాని చేతిలో వస్తువు పోతే నష్టం ఎవరు భరించాలి? ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో ఆ వస్తువు అతని చేతిలో అమానత్. అతని చేష్ట వలన గాని, అశ్రద్ధ వలన గాని పాడైతే తప్ప అతడు పరిహారం ఇవ్వనక్కరలేదు. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) గార్లు మరింత గట్టిగా పట్టుకున్నారు. ఊరంతటినీ చుట్టుముట్టిన అగ్నిప్రమాదం వంటి తప్పించుకోలేని ఆపద అయితే తప్ప, వస్తువు పోయినందుకు అతడే జవాబుదారీ అన్నారు. ప్రజల సొత్తు భద్రంగా ఉండాలంటే వృత్తిపనివారిని బాధ్యులను చేయక తప్పదన్న అభిప్రాయం హజ్రత్ అలీ (రజి) నుండి ఉల్లేఖితమై ఉన్నది.

అప్పగించిన ఆయుధం తిరిగి యజమానికే చేరాలన్న నియమానికి హునైన్ యుద్ధ సన్నాహాలలోనే ఒక మహత్తర నిదర్శనం కనిపిస్తుంది. మక్కా ప్రముఖుడు సఫ్వాన్ బిన్ ఉమయ్యా అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. మక్కా జయించబడింది, అధికారం దైవప్రవక్త (స) చేతిలో ఉన్నది. అయినా ఆయన సఫ్వాన్ వద్ద ఉన్న కవచాలను ఎరువు అడిగారు. బలవంతంగా తీసుకోవడమా అని సఫ్వాన్ ప్రశ్నించాడు. కాదు, తిరిగి ఇచ్చే పూచీతో తీసుకునే ఎరువు అని దైవప్రవక్త (స) బదులిచ్చారు. యుద్ధానంతరం కొన్ని కవచాలు కనిపించకపోతే ఆయన నష్టపరిహారం చెల్లించడానికి సిద్ధపడ్డారనీ, తన హృదయం మారిపోయిందని సఫ్వాన్ వద్దన్నాడనీ ఉల్లేఖనాలు ఉన్నాయి. జయించినవాడు ఓడినవాని కవచాలకు పూచీ పడటం యుద్ధాల చరిత్రలో అరుదైన విషయం.

దూరం తెచ్చిన మార్పు

పంతొమ్మిదవ శతాబ్దంలో రైలు, తపాలా, అచ్చుయంత్రం కలిసి వ్యాపారాన్ని బజారు నుండి విడదీశాయి. ఈ మార్పు అమెరికాలో జరిగినంత విస్తారంగా మరెక్కడా జరగలేదు. పెద్ద వర్తక సంస్థలు వందల పుటల కేటలాగులు అచ్చువేసి మారుమూల పల్లెలకు పంపేవి. కుట్టుమిషను, నాగలి, గడియారం, తుపాకీ అన్నీ ఆ కేటలాగులోనే ఉండేవి. 1913 జనవరి 1 నుండి తపాలా శాఖ పార్సెళ్ళను కూడా మోయసాగింది. కొనేవాడు కాగితం మీద పేరు రాసి, డబ్బు జతచేసి పంపితే సరుకు ఇంటికి వచ్చేది. అమ్మేవాడు కొనేవాని ముఖం చూడలేదు, చూడనవసరమూ లేకపోయింది.

మొదటి హెచ్చరిక 1927లో వచ్చింది. దుస్తులలో దాచుకోగల పిస్తోళ్ళను, రివాల్వర్లను సామాన్య ప్రజలు తపాలా ద్వారా పంపుకోరాదని ఆ ఏడాది చట్టం చేశారు. తయారీదారులు, నిజమైన వర్తకులు తమలో తాము జరుపుకునే వ్యాపార రవాణాకు, మరమ్మతు కోసం పంపే వాటికి మినహాయింపు ఇచ్చారు. కాని ఆ చట్టం తపాలా సంచీకి మాత్రమే తాళం వేసింది. ప్రైవేటు రవాణా సంస్థల బండ్లు యథాప్రకారం తుపాకులను మోస్తూనే ఉన్నాయి.

1938లో చేసిన ఫెడరల్ చట్టం వర్తకులకు లైసెన్సును తప్పనిసరి చేసింది. లైసెన్సు రుసుము ఏడాదికి ఒక డాలరు. అడిగినవానికల్లా అది లభించేది. అమ్మకాల చిట్టా ఉంచాలన్నారు. నేరస్థుడని తెలిసి, లేదా అలా తలచడానికి తగిన కారణం ఉండి తుపాకీ పంపడం నేరమన్నారు. పైకి చూస్తే ఇది కూఫా సూత్రమే. కాని ఒక పెద్ద లోటు మిగిలిపోయింది. తెలిసి పంపితే నేరమన్న ఆ చట్టం, తెలుసుకొమ్మని ఎవరినీ ఆదేశించలేదు. కొన్నవాడు ఏ పేరు రాస్తే ఆ పేరే చిట్టాకెక్కేది. ‘తెలియదు’ అన్న మాట వర్తకునికి నిజాయితీ గల సాక్ష్యంగా కాక, సౌకర్యంగా మారిపోయింది.

ఇరవై ఒక్క డాలర్ల కూపను

1963 మార్చి నెలలో టెక్సాస్ రాష్ట్రం డాలస్ నగరం నుండి చికాగోలోని ఒక క్రీడాసామగ్రి దుకాణానికి ఒక పత్రికా ప్రకటన నుండి కత్తిరించిన కూపను వచ్చింది. దానితో 21 డాలర్ల 45 సెంట్ల మనీయార్డరు జతచేసి ఉన్నది. ఇటలీలో తయారైన పాత సైనిక రైఫిలు ఒకటి, దానికి బిగించిన దూరదర్శినితో సహా కావాలని కోరిక. పేరు ఎ. హిడెల్. చిరునామా ఒక పోస్టు బాక్సు. మార్చి 20న ఆ రైఫిలు పార్సెలు తపాలాలో బయలుదేరింది.

హిడెల్ అనే మనిషి లేడు. ఆ పేరు పెట్టుకున్నవాడు లీ హార్వీ ఆస్వాల్డ్. అదే మారుపేరుతో అతడు లాస్ ఏంజెలెస్ నుండి ఒక రివాల్వరు కూడా తెప్పించాడు. రివాల్వరు తపాలాలో రావడానికి 1927 చట్టం అడ్డు. కనుక అది ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ రవాణా ద్వారా వచ్చింది. రైఫిలుకు తపాలా తలుపు తెరిచి ఉన్నది, రివాల్వరుకు పక్క తలుపు తెరిచి ఉన్నది. 1963 నవంబరు 22న డాలస్ వీధిలో అధ్యక్షుడు జాన్ కెన్నెడీ ఆ రైఫిలుతో హతుడయ్యాడు. కొద్దిసేపటికే ఒక పోలీసు అధికారి ఆ రివాల్వరుకు బలయ్యాడు.

ఇక్కడ ఆలోచింపదగిన విషయం ఒకటి ఉన్నది. రైఫిలు మీద ఉన్న సంఖ్యను పట్టుకొని ఎఫ్‌బీఐ అధికారులు చికాగో దుకాణంలోని రికార్డులను ఆ రాత్రే వెదికారు. మరునాటి తెల్లవారుజాముకు ఆ కూపను ప్రతి దొరికింది. అంటే చిట్టా లేక కాదు; చిట్టా సక్రమంగానే ఉన్నది. అది హత్య జరిగిన తరువాత హంతకుని పోస్టు బాక్సు దాకా దారి చూపింది. హత్యకు ముందు మాత్రం దాని మీద ఉన్నది ఒక అబద్ధపు పేరు. ఎరుక లేని చిట్టా జరిగిపోయినదానికి సాక్ష్యం చెప్పగలదు గాని, జరగబోయేదానిని ఆపలేదు.

1968 చట్టం పన్నిన ఏర్పాటు

తపాలా ద్వారా జరిగే తుపాకుల వ్యాపారం మీద కనెక్టికట్ రాష్ట్ర సెనేటరు థామస్ డాడ్ 1961 నుండే విచారణ జరుపుతున్నాడు. పేరెన్నిక గన్న తుపాకీ కర్మాగారాలు ఉన్న రాష్ట్రం ఆయనది. 1963 ఆగస్టులో ఆయన ప్రవేశపెట్టిన బిల్లు చేతి తుపాకులకే పరిమితం. కెన్నెడీ హత్య తరువాత దానిని రైఫిళ్ళకు కూడా విస్తరింపజేశాడు. అయినా ఐదేళ్ళ పాటు అది చట్టం కాలేదు. 1965లో మాల్కం ఎక్స్ (అల్‌హాజ్ మాలిక్ అష్షబాజ్) న్యూయార్కు సభామందిరంలో తుపాకులకు బలయ్యాడు. 1968 ఏప్రిల్ 4న డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్, జూన్‌లో రాబర్ట్ కెన్నెడీ హతులయ్యారు. ఆ సంవత్సరం అక్టోబరు 22న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తుపాకుల నియంత్రణ చట్టం మీద సంతకం చేశాడు. తుపాకులన్నింటినీ నమోదు చేయాలనీ, వాటిని ఉంచుకునేవారికి లైసెన్సు ఉండాలనీ తాను కోరిన నిబంధనలు అందులో లేవని ఆయన ఆనాడే విచారం వెలిబుచ్చాడు.

ఆ చట్టం ఏర్పరచిన పద్ధతి ఇది. చికాగోలోని వర్తకుడు డాలస్‌లోని సామాన్య పౌరునికి నేరుగా తుపాకీ పంపరాదు. కొనేవాడు తన ఊరిలో లైసెన్సు గల ఒక వర్తకుని ఆశ్రయించాలి. ఆ స్థానిక వర్తకుడు తన లైసెన్సు ప్రతిని సంతకంతో చికాగోకు పంపాలి. అప్పుడు తుపాకీ ఒక వర్తకుని నుండి మరొక వర్తకునికి పోతుంది. అది చేరగానే స్థానిక వర్తకుడు తన పుస్తకంలో తయారీదారు పేరు, నమూనా, క్రమసంఖ్య, గొట్టం కొలత, ఎవరి నుండి ఏ తేదీన వచ్చినది నమోదు చేయాలి. కొనేవాడు స్వయంగా దుకాణానికి వచ్చి, గుర్తింపు పత్రం చూపి, తాను నేరస్థుడను కానని, చట్టం నిషేధించిన ఇతర వర్గాలకు చెందినవాడను కానని నిర్ణీత ఫారం మీద సంతకం చేయాలి. అటు పిమ్మట తుపాకీ అతని చేతికి వస్తుంది. ఎవరికి ఇచ్చినది కూడా అదే పుస్తకానికెక్కుతుంది. కొత్తగా తయారయ్యే ప్రతి తుపాకీ మీద క్రమసంఖ్య చెక్కడం కూడా ఈ చట్టంతోనే తప్పనిసరి అయింది.

మరమ్మతు విషయంలో చట్టం వేరొక దారి చూపింది. తుపాకీ చెడిపోతే యజమాని దానిని మరొక రాష్ట్రంలో ఉన్న లైసెన్సు గల మరమ్మతుదారుకు గాని, కర్మాగారానికి గాని నేరుగా పంపవచ్చు. బాగుచేసిన తరువాత వారు దానిని, లేదా దానికి బదులుగా అదే రకం తుపాకీని, పంపినవానికే నేరుగా తిరిగి పంపవచ్చు. నడుమ స్థానిక వర్తకుడు అక్కరలేదు. కాని దానిని మరొకరికి ఇవ్వదలచుకుంటే మాత్రం అది కొత్త బదలాయింపు క్రింద లెక్క. యజమాని ఎదుట కూర్చోగా అదే రోజున బాగుచేసి ఇస్తే పుస్తకంలో నమోదు కూడా అవసరం లేదు. రాత్రి దుకాణంలో ఉండిపోతే నమోదు చేయాలి. రవాణా సంస్థకు తుపాకీ సంగతి తెలియజేయవలసిన సందర్భాలను చట్టం పేర్కొన్నది. కాని పార్సెలు పైన తుపాకీ అని కనిపించేట్టు రాయమని రవాణా సంస్థ కోరరాదని తరువాతి సవరణ నిషేధించింది. దొంగల కంట పడకుండా చేసిన జాగ్రత్త అది.

అమ్మకానికీ మరమ్మతుకూ మధ్య ఈ చట్టం గీసిన గీత, ఫుఖహాలు బైఅకూ ఇజారాకూ మధ్య గీసిన గీతను తలపిస్తుంది. వీరు వారి నుండి నేర్చుకున్నారని కాదు. వస్తువు స్వభావాన్ని నిజాయితీగా పరిశీలించిన వారెవరైనా ఆ గీత దగ్గరికే చేరుకుంటారు. యజమాని మారని చోట అప్పగించినవానికే తిరిగి అప్పగించడం చాలు. యజమాని మారే చోట కొత్త మనిషి ముఖాన్ని ఎవరో ఒకరు చూసి తీరాలి. కేటలాగు వ్యాపారం చెరిపివేసిన ఆ ముఖాముఖిని చట్టం స్థానిక వర్తకుని దుకాణంలో తిరిగి నిలబెట్టింది.

లైసెన్సు వివక్షకు సాధనమైనప్పుడు

ఇంతమాత్రాన లైసెన్సు అన్నదల్లా మేలే అనుకోవడం పొరపాటు. అదే అమెరికాలో బానిసత్వం రద్దయిన 1865 సంవత్సరంలోనే మిసిసిపీ రాష్ట్రం ఒక చట్టం చేసి, విముక్తులైన నల్లవారు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోరాదన్నది. తెల్లవారికి ఆ షరతు లేదు. అక్కడ లైసెన్సు ప్రజల ప్రాణరక్షణకు పుట్టలేదు. నిన్నటి బానిస రేపు కూడా భయపడుతూ బ్రతకాలని పుట్టింది.

మన దేశం అదే చేదును చవిచూసింది. 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్ల ప్రభుత్వం ప్రజలను నిరాయుధులను చేయడానికి పూనుకున్నది. వైస్రాయి లార్డ్ లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం ఆయుధం ఉంచుకోవడానికి, తయారుచేయడానికి, అమ్మడానికి, దిగుమతి చేయడానికి లైసెన్సు విధించింది. అయితే ఐరోపావారికి, ఆంగ్లో ఇండియన్లకు మినహాయింపు ఉన్నది. పొలం మీద పడిన అడవిపందిని తరమడానికి రైతు కలెక్టరు కచేరీ చుట్టూ తిరగాలి. అదే ఊరికి వేటకు వచ్చిన దొరకు అడిగేవాడు లేడు. 1887లో మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన జరిగిన మూడవ కాంగ్రెస్ మహాసభ ఈ చట్టాన్ని సవరించాలని తీర్మానించింది. కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన మొదటి ముస్లిం ఆయనే. ఆ తీర్మానం వెనుక ఉన్న బాధ ఆయుధం దొరకలేదని మాత్రమే కాదు. ఒక జాతి మొత్తాన్ని నమ్మదగనిదిగా ముద్రవేసినందుకు. హిదాయా మాటల్లో చెప్పాలంటే, నగరంలో మంచివారిదే పైచేయి అన్న భావనను పాలకులు తలక్రిందులు చేశారు. పాలితులందరూ ఫిత్నా రేపేవారేనన్న అనుమానం మీద చట్టాన్ని నిలిపారు.

జాతిని బట్టి ఇచ్చిన మినహాయింపులు 1920లో వచ్చిన నిబంధనలతో తొలగాయి. స్వతంత్ర భారతదేశం 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసి, 1962 అక్టోబరు 1 నుండి అమలులో పెట్టింది. ఈ చట్టం కూడా అమ్మకాన్ని, బదలాయింపును, మరమ్మతును లైసెన్సు క్రిందనే ఉంచింది. కాని అందులో మనుషుల మధ్య నమ్మకానికి చోటు మిగిల్చిన ఒక నియమం ఉన్నది. లైసెన్సు గల యజమాని వెంట ఉన్నా, అతడు వ్రాతపూర్వకంగా అనుమతించినా, లైసెన్సు లేని మనిషి సైతం ఆ తుపాకీని మరమ్మతుకు గాని, లైసెన్సు పునరుద్ధరణకు గాని తీసుకుపోవచ్చు. ముసలి తండ్రి చీటీ రాసి ఇస్తే కొడుకు తుపాకీని పట్నంలోని మరమ్మతు దుకాణానికి చేర్చవచ్చునన్నమాట. అమ్మకం దగ్గర మాత్రం చట్టం బిగించింది. 1983 సవరణ ప్రకారం ఒక యజమాని తన తుపాకీని అర్హుడైన మరొకరికి అమ్మదలిస్తే జిల్లా మేజిస్ట్రేటుకు గాని, దగ్గరి పోలీసు ఠాణాకు గాని కొనేవాని పేరు, చిరునామాతో సహా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాలి. లైసెన్సు గడువు తీరిన ఆయుధాన్ని పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల వర్తకుని వద్ద గాని భద్రపరచవచ్చు. అలా చేసినప్పుడు వర్తకుడు అమ్మేవాడు కాదు, అమానత్‌దారు.

చిట్టా, అమానత్

అమెరికా అనుభవం మరొక సత్యాన్ని కూడా బయటపెట్టింది. 1968 చట్టం లైసెన్సు రుసుమును సామాన్య వర్తకునికి ఏడాదికి పది డాలర్లకే ఉంచింది. వర్తకుల సంఖ్య పెరిగిపోయి 1993 నాటికి రెండున్నర లక్షలు దాటింది. వారిలో చాలామందికి దుకాణమే లేదు. అందరి చిట్టాలనూ చూడగల అధికారులు లేరు. 1986లో వచ్చిన చట్టం సాధారణ తనిఖీని ఏడాదికి ఒకసారికి పరిమితం చేసింది. 1993లో రుసుమును మూడేళ్ళకు రెండువందల డాలర్లకు పెంచిన తరువాత కొద్ది సంవత్సరాలలోనే వర్తకుల సంఖ్య సగానికి తగ్గింది. 1998 నవంబరు నుండి కొనేవాని పూర్వచరిత్రను అమ్మకానికి ముందే విచారించే ఏర్పాటు వచ్చింది. అయినా ఒకే రాష్ట్రంలో ఇద్దరు సామాన్య పౌరుల మధ్య జరిగే అమ్మకం ఫెడరల్ చట్టం ప్రకారం వర్తకుని పుస్తకానికి ఎక్కనవసరం లేకపోయింది.

2000 సంవత్సరంలో అమెరికా ప్రభుత్వ శాఖ ప్రకటించిన ఒక నివేదిక వెల్లడించిన విషయం విచిత్రమైనది. నేరాలలో పట్టుబడి, వ్యాపారంలో ఉన్న వర్తకుల దాకా ఆరా తీయబడిన తుపాకులలో సగానికి పైగా నూటికి ఒక్కరు చొప్పున ఉన్న కొద్దిమంది వర్తకుల దుకాణాల నుండి వచ్చినవే. ఆరా వచ్చిన ప్రతి వర్తకుడూ దోషి కాడు; ఎక్కువ సరుకు అమ్మేవానికి ఎక్కువ ఆరాలు రావడం సహజం. అయినా వేలాది వర్తకులకు ఒక్క ఆరా కూడా రాకపోవడం ఆలోచింపజేస్తుంది. చట్టం అందరికీ ఒకటే. ఫారం ఒకటే, పుస్తకం ఒకటే. తేడా గల్లా వెనుక కూర్చున్న మనిషిలోనూ ఉన్నది.

తన ఎదుట నిలిచినవాడు మరొకరి కోసం కొంటున్నాడని అనుమానం కలిగినా, ఫారం సక్రమంగా నిండినదని తుపాకీ అందించే వర్తకుడు ఒకడుంటాడు. కాగితాలన్నీ సరిగానే ఉన్నా మనసుకు నచ్చక ఈనాటికి అమ్మనని చెప్పే వర్తకుడు ఒకడుంటాడు. చట్టం చూడగలిగేది మొదటివాని ఫారాన్నే గాని, అతని అనుమానాన్ని కాదు. ఫుఖహాలు విచారించినది ఆ అనుమానాన్నే. ‘నీకు తెలుసునా?’ అన్న వారి ప్రశ్నకు జవాబు ఫారంలో లేదు. అల్లాహ్ ముందు నిలిచే మనిషి లోపల ఉన్నది.

కాని ఫుఖహాల మార్గం మాత్రమే చాలుననడం కూడా చరిత్రను కాదనడమే అవుతుంది. వారి తీర్పు ముఖాముఖి వ్యాపారం సాగిన బజారును ఆధారం చేసుకున్నది. వేయి మైళ్ళ దూరాన ఉన్న అపరిచితునికి రైల్లో తుపాకీ పంపే వర్తకుడు వారి ఊహకు అందనివాడు. ఆ దూరాన్ని మనస్సాక్షి ఒక్కటే దాటలేదు. దానికి క్రమసంఖ్య కావాలి, పుస్తకం కావాలి, నడుమ నిలిచే బాధ్యుడు కావాలి. ఆ బాధ్యుని మీద విధించే నియమం కూడా తెల్లవానికీ నల్లవానికీ, పాలకునికీ పాలితునికీ సమంగా వర్తించాలి. లేకుంటే అది భద్రత పేరిట సాగే అవమానమే అవుతుంది.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలనీ, ప్రజల మధ్య తీర్పు చేసేటప్పుడు న్యాయంగా తీర్పు చేయాలనీ నిసా సూరా 58వ ఆయత్ ఒకే వాక్యంలో ఆదేశిస్తుంది. ఆయుధ వ్యాపార చరిత్రలో ఈ రెండు ఆదేశాలు విడిపోయినప్పుడల్లా అమాయకులు నష్టపోయారు. అమానత్ లేని చోట కూపను మీది అబద్ధపు పేరు చెల్లింది. న్యాయం లేని చోట లైసెన్సు ఒక జాతిని అణచే పనిముట్టు అయింది. తుపాకీని మరమ్మతుకు తీసుకున్నవాడు గాని, అమ్మకానికి చేతబట్టినవాడు గాని ఈ రెండు ఆదేశాల నడుమ నిలబడి ఉన్నాడు. అతని పుస్తకాన్ని ప్రభుత్వం ఏడాదికి ఒకసారి చూడవచ్చు, చూడకపోవచ్చు. ఎవరికి అందించావన్న ప్రశ్న మాత్రం అతనిని వదలదు.